తొమ్మిదో ప్రశ్న

మా బావ నాకు పెట్టిన పేరు కప్పల తక్కెడ. ఒక కప్పని తక్కెడలో వేసేలోపు ఇంకోటి బయటికి దూకుతుంది, తూకం ఎప్పటికీ తెగదు. నలుగురు ఒక మాట మీద నిలబడని చోట వాడే సామెత అది. నా విషయంలో సామెత కాదు, ఉద్యోగం. వారానికి ఐదు మడుగులు, మడుగుకి ఆరు వలలు, వలకి దొరికినన్ని కప్పలు. బకెట్లో వేసి తూచడం, రాసుకోవడం, ఒళ్ళంతా పాకుడు వాసనతో ఇంటికి రావడం. తొమ్మిదేళ్ళుగా ఇదే పని. ఏం చేస్తుంటారని ఎవరైనా అడిగితే ప్రభుత్వ కొలువని చెప్పి ఊరుకోవడం కూడా అప్పటినుంచే.

మా పరిశోధన బయటి దేశంనుంచి వచ్చిన కప్పల మీద. ఒకప్పుడు ఆడవాళ్ళకి నెల తప్పిందో లేదో తేల్చుకోడానికి ఆస్పత్రుల్లో ఈ కప్పల్ని పెంచేవారు. ఆవిడ మూత్రం కొంచెం సూదితో కప్పకి ఎక్కిస్తే, ఆవిడ కడుపుతో ఉన్నట్టయితే మర్నాటికల్లా కప్ప గుడ్లు పెట్టేది. తరవాత కాగితం పట్టీల పరీక్షలొచ్చాయి, కప్పలతో పని లేకుండా పోయింది. పని తీరినవాళ్ళని లోకం ఏం చేస్తుందో వాటినీ అదే చేశారు, వెనక గుమ్మంలోంచి కాలువలోకి వదిలేశారు. బల్లపరుపు ఒళ్ళు, వెనక్కాళ్ళకి నల్లటి గోళ్ళు, నోట్లో నాలుక లేదు. నాలుక లేదని పస్తుండవు, దొరికింది రెండు చేతులతో నోట్లో కుక్కుకుంటాయి. మన కప్పల గుడ్లు, మన తోకకప్పలు, ఏదీ మిగల్చవు.

మంగళవారం, గురువారం, శనివారం మధ్యాహ్నాలు నాకు ఇంకో డ్యూటీ. మడుగునుంచి నేరుగా డయాలిసిస్ సెంటరుకి వెళ్ళి బావ పక్కన కూర్చోవాలి. నేనుండేది అక్కావాళ్ళింట్లోనే. అక్క మందుల షాపులో పని చేస్తుంది, ఆవిడకి ఆ వేళలు కుదరవు. బావ టైలరు. కిడ్నీలు రెండూ పోయి నాలుగేళ్ళయింది. వారానికి మూడుసార్లు, పూటకి నాలుగు గంటలు, ఎడమచేతిలో రెండు లావుపాటి సూదులతో కుర్చీలో వెనక్కి వాలి పడుకుంటాడు. మిషను ఆయన రక్తాన్ని తీసుకుని, కడిగి, ఎక్కువైన నీళ్ళు పిండేసి తిరిగిస్తుంది.

"నీదీ నీళ్ళ ఉద్యోగమే, నాదీ నీళ్ళ ఉద్యోగమే," అనేవాడు బావ. "నువ్వు నీళ్ళలో దిగుతావు, నాలోంచి నీళ్ళు దిగుతాయి. అంతే తేడా."

ఆయనకి రోజుకి లీటరు నీళ్ళే. మందులేసుకునే నీళ్ళు కూడా అందులోనే లెక్క. దాహం వేస్తే మంచు ముక్క బుగ్గన పెట్టుకోవాలి. ఏదైనా అడిగితే సూటిగా చెప్పకుండా నసుగుతాడు. "ఎందుకలా నీళ్ళు నములుతారు?" అని అక్క కసిరితే, "డాక్టరమ్మ తాగొద్దంది గానీ నమలొద్దనలేదుగా" అనేవాడు. ఆ జోకు మా ఇంట్లో నాలుగేళ్ళుగా నడుస్తోంది. అక్క కూడా నాలుగేళ్ళుగా నవ్వుతూనే ఉంది.

డయాలిసిస్‌లో అన్నిటికంటే ముఖ్యమైన అంకె ఒకటుంది. ఒంట్లో ఎక్కువ నీళ్ళేవీ లేనప్పుడు మనిషి అసలు బరువు. డ్రై వెయిట్ అంటారు. బావది అరవై రెండు కిలోలు. తల దగ్గర పలక మీద సిస్టర్ నల్ల మార్కరుతో రాసిపెట్టింది. వచ్చేటప్పుడు తూస్తారు, అరవై నాలుగున్నరో అరవై ఐదో ఉంటుంది. మిషను ఆ పైదంతా లాగేసి అరవై రెండుకి తెస్తుంది. దిగి మళ్ళీ కాటా ఎక్కితే అరవై రెండు. పదకొండు నెలలుగా అంతే, పావుకిలో అటూ ఇటూ లేదు. అక్క ఆ అంకెని పరీక్షలో మార్కులా చెప్పుకునేది. పక్కింటావిడకి చెప్పింది, షాపులో ఓనరుకి చెప్పింది, ఫోనులో మా పిన్నికి చెప్పింది.

"మొహం కూడా నిండిందిరా, చూశావా? బుగ్గలొచ్చాయి మీ బావకి."

నిజమే, వచ్చాయి. ఇంకో మంచి సంగతి కూడా జరిగింది. అంతకుముందు మూడో గంట దాటేసరికి బావకి పిక్కలు పట్టేసేవి. పళ్ళు బిగబట్టి, నా భుజం పట్టుకుని లేచి నిలబడేవాడు. ఆయన గోళ్ళ గుర్తులు వారం పాటు నా భుజం మీద ఉండేవి. అలాంటిది పిక్కలు పట్టడం దానంతటదే మానేసింది. నాలుగు గంటలూ హాయిగా నిద్రపోయేవాడు. ఒక్క బీపీ మాత్రం పెరిగిందని డాక్టరమ్మ ఓ మాత్ర కలిపింది, తరవాత ఇంకోటి కలిపింది. అక్కే ఆ మాత్రలు షాపునుంచి తెచ్చేది. నాలుగేళ్ళ కష్టంలో ఆ పదకొండు నెలలే మేం కాస్త ఊపిరి పీల్చుకున్నది. ఈ మాట ఇప్పుడు రాస్తుంటే నా మీద నాకే అసహ్యంగా ఉంది.

డాక్టరమ్మ కూడా పరిశోధన చేస్తోంది. రెండు విడతల మధ్య కొంతమందికి ఉన్నట్టుండి ఊపిరాడకుండా పోతుందట, ఎందుకో ముందే పసిగట్టగలమా అని. దానికి నెలనెలా ఓ ఫారం, పద్నాలుగు ప్రశ్నలు. 'సహాయకులు నింపవలెను' అని పైన అచ్చేసి ఉంటుంది. ఫారాలు నింపడం నాకు వెన్నతో పెట్టిన విద్య, కప్పలకి కూడా ఫారాలున్నాయి. ప్రశ్న చదువుతాను, బావ కళ్ళు మూసుకునే జవాబిస్తాడు, నేను టిక్కు పెడతాను.

తొమ్మిదో ప్రశ్న: మీ బట్టలు ఈ మధ్య వదులయ్యాయా?

ఆ ప్రశ్నకి మాత్రం బావ కళ్ళు తెరిచేవాడు. "నా బట్టలా? వదులా?" అని ఖాళీగా ఉన్న కుడిచేత్తో భుజం కుట్టు దగ్గర చొక్కా సవరించుకునేవాడు. "ముప్ఫై ఏళ్ళుగా ఊరందరికీ అమిరేలా కుట్టినవాణ్ణి. నా ఒంటి మీద చొక్కా ఎలా ఉందో నువ్వే చూసి రాయి."

చూసేవాణ్ణి. నిండు చేతుల చొక్కా, సూదుల కోసం ఎడమ చెయ్యి మాత్రం మోచేతి దాకా గుండీలు విప్పుకునేలా, భుజం దగ్గర భుజం, నడుం దగ్గర నడుం, మడత నలగకుండా. సెంటర్లో ఉన్న ఇరవై మంది పేషెంట్లలో పెళ్ళికొచ్చినట్టు ఉండేది ఈయనొక్కడే. 'లేదు' దగ్గర టిక్కు పెట్టేవాణ్ణి. అలా పదకొండు టిక్కులు, అన్నీ నా చేత్తో పెట్టినవే.

ఈ కథలో కప్పల సంగతి ఇక్కడ చెప్పాలి.

మా సారు మూడేళ్ళ తూకాల పట్టిక చూసి తెగ సంబరపడ్డాడు. మేం బకెట్టుకి బకెట్టు తూస్తాం, ఏ జాతివి ఎన్నో విడిగా రాయం. రెండో మడుగులో కప్పల మొత్తం బరువు మూడేళ్ళుగా ఇంచుమించు ఒకటే. "నిలకడగా ఉందోయ్. ఈ మడుగుని బయటి కప్పలు ఏం చెయ్యలేకపోయాయి," అని రిపోర్టు మొదలెట్టేశాడు. నాకెందుకో మనసొప్పలేదు. ఏది తేడాగా ఉందో చెప్పమంటే చెప్పలేను. వారం రోజులు ఆలోచించాక తట్టింది. ఆ మడుగు దగ్గర నా పని సులువైపోయింది. మునుపు మూత తీస్తే చాలు, కప్పలు నలువైపులా దూకేవి, గడ్డిలో మోకాళ్ళ మీద పాకుతూ ఏరుకునేవాణ్ణి. ఇప్పుడు ఒక్కటీ దూకడం లేదు. తక్కెడలో బుద్ధిగా కూర్చుంటున్నాయి.

మన కప్పలు దూకుతాయి. బయటి కప్ప నీళ్ళ జీవి, గట్టు మీద దానికి దూకడం చాతకాదు.

మర్నాడు బకెట్టు గుమ్మరించి ఒక్కొక్కటే తిప్పి చూశాను. ఇరవై ఏడు కప్పలు. అందులో మనవి రెండు. తక్కినవన్నీ గోళ్ళున్నవే. చిన్నవి నాలుగు పోయిన చోట పెద్దది ఒకటి వచ్చి కూర్చుంది, బరువు మాత్రం అంతే. సారు మొహం మాడిపోయింది. రిపోర్టు తిరగరాశాడు. నా పేరు కూడా కింద ఓ మూల వేస్తానన్నాడు.

నాకు అంత గొప్ప రోజు ఆ ఉద్యోగంలో మళ్ళీ రాలేదు. ఇంటికొచ్చి బావకి చెప్పాను. ఆయన హాల్లో కుట్టు మిషను ముందు కూర్చుని ఏదో కుడుతున్నాడు. అంతా విన్నాడు.

"అంటే కాటా అబద్ధం చెప్పింది," అన్నాడు.

"కాటా నిజమే చెప్పింది బావా. నిలకడగా ఉన్నది అంకె. లోపల ఉన్నది మారిపోయింది."

"మరి నీకెలా తెలిసింది?"

"పని సులువైపోయింది. కష్టమైన పని ఉట్టినే సులువైపోతే అనుమానించాలి."

బావ మిషను ఆపేశాడు. సూది కింద గుడ్డ అలాగే ఉంది. ఏదో అనబోయి మింగేశాడు. "ఏంటి బావా, నీళ్ళు నములుతున్నావు?" అన్నాను. ఆయన నవ్వాడు. "ఈరోజు కోటా అయిపోయిందిరా," అని మళ్ళీ మిషను తొక్కడం మొదలెట్టాడు. ఏం కుడుతున్నాడో నేను చూడలేదు. బయటి మడుగులో కప్పని కాలి గోరు చూసి పట్టుకునే మొనగాణ్ణి, రెండడుగుల దూరంలో ఉన్న గుడ్డ చూడలేదు. దీపం కింద చీకటని ఊరికే అనలేదు.

తరవాత రెండు నెలల్లో బావ పడుకోవడానికి రెండు తలగడలు అడిగాడు, ఆపైన మూడు. వెల్లకిలా పడుకుంటే ఆయాసమన్నాడు. ఆ తరవాత హాల్లో వాలుకుర్చీలోనే నిద్ర. అక్క గురక తప్పించుకోడానికని చెప్పాడు. గురక సంగతి నిజమే కాబట్టి మేం నమ్మాం.

శనివారం డయాలిసిస్ అయితే మళ్ళీ మంగళవారమే. వారంలో అది పెద్ద ఎడం, ఆదివారం, సోమవారం గడవాలి. ఆ సోమవారం సాయంత్రం ఐదింటికి నేను గుమ్మంలో బూట్లు విప్పుతున్నాను. లోపలినుంచి బావ ఊపిరి వినిపించింది. నీళ్ళగ్లాసులో గొట్టం పెట్టి ఊదుతున్నట్టుంది ఆ చప్పుడు. వాలుకుర్చీలో ముందుకి వంగి, రెండు చేతులూ మోకాళ్ళ మీద ఆనించి, నోరు తెరిచి గాలి కోసం చూస్తున్నాడు. పెదాలు నీలంగా మారాయి. నన్ను చూసి ఏదో చెప్పాలని నోరు కదిపాడు, మాట రాలేదు.

డయాలిసిస్ సెంటరు ఉన్న ఆస్పత్రికే తీసుకెళ్ళాను. మూతికి మాస్కు పెట్టి, సెంటర్లో ఆయన చోటికే తెచ్చారు. చక్రాల మంచాన్ని అలాగే పెద్ద కాటా మీదికి తోసి తూచారు. మంచం బరువు తీసేస్తే అరవై మూడు కిలోల ఎనిమిది వందలు.

డాక్టరమ్మ పలక చూసింది, కాటా చూసింది. "కిలోముప్పావే ఎక్కువుంది. దీనికి ఊపిరితిత్తులు ఇంతలా నిండవు. గుండెకేమైనా అయిందేమో చూడాలి," అంది. గుండె పరీక్షకి మనుషుల్ని పరిగెత్తించింది. సిస్టర్ కుడిచేతికి సూది పెట్టబోతే చొక్కా మణికట్టు పైకి జరగలేదు. కత్తెర తీసింది. బావ మాస్కులోంచి తల అడ్డంగా ఊపాడు, చేత్తో కత్తెర పట్టుకోబోయాడు. ప్రాణం పోతుంటే చొక్కా మీద మమకారమేంటని నాకు ఒళ్ళు మండింది. సిస్టర్ నాలుగు కత్తిరింపుల్లో చొక్కా లాగేసి ఉండచుట్టి నా చేతిలో పెట్టింది.

చొక్కా లేకుండా బావని చూసి ఎన్నాళ్ళయిందో నాకు గుర్తులేదు. మొహం నిండుగానే ఉంది. మెడ కింద మటుకు ఎముకలు లెక్కపెట్టచ్చు. ఆ మొహం ఇంకెవరిదో తెచ్చి ఆ ఒంటి మీద పెట్టినట్టుంది. నన్ను బయటికి తోలేశారు.

బయట బెంచీ మీద కూర్చున్నాను. అక్కకి ఫోన్ చేశాను, బస్సులో ఉన్నానంది. చేతిలో చొక్కా ఉండ ఉంది. ఏం చెయ్యాలో తోచక దాన్ని విప్పి మడత పెట్టబోయాను. పక్క కుట్టు దగ్గర నా వేళ్ళకి గుడ్డ లావుగా తగిలింది. లోపలి వైపు తిప్పాను.

ఒక కుట్టు కాదు. పక్కపక్కనే నాలుగు కుట్లు. మొదటిది పాతది, దారం వెలిసిపోయింది. దాని లోపలికి ఇంకోటి, ఆ లోపలికి ఇంకోటి. నాలుగోది కొత్తగా మెరుస్తోంది. రెండో పక్కా అంతే. చేతుల కింద, మణికట్టు దగ్గర, మెడ పట్టీ వెనక, అన్నిచోట్లా అంతే. మడుగు లోతు కొలిచే టేపు ఎప్పుడూ నా జేబులో ఉంటుంది. కొలిచాను. పాత కుట్టుకీ కొత్త కుట్టుకీ మధ్య రెండు మడతలూ కలిపి పక్కకి మూడంగుళాలు. రెండు పక్కలా ఆరు. మనిషి చుట్టూ ఆరంగుళాల ఒళ్ళు పోయింది.

ఎక్కడా గుడ్డ కత్తిరించలేదు. మళ్ళీ ఒళ్ళొస్తే విప్పుకోవచ్చని అంతా లోపలే దాచాడు.

అంకె నిలకడగా ఉంది, లోపల ఉన్నది మారిపోయింది. నేనే చెప్పాను ఆ మాట, గొప్పగా, బూట్లు కూడా విప్పకుండా. ఒంట్లో కండ పోయిన చోటల్లా నీళ్ళొచ్చి కూర్చున్నాయి. మిషను అరవై రెండు దగ్గర ఆగిపోతోంది కాబట్టి ఆ నీళ్ళు నెలల తరబడి లోపలే ఉండిపోయాయి. బుగ్గలు నీళ్ళే. బీపీ నీళ్ళే. లాగాల్సినంత లాగడం లేదు కాబట్టి పిక్కలు పట్టడం మానేసింది. కష్టమైన పని ఉట్టినే సులువైపోయింది, మేం మురిసిపోయాం.

చొక్కా పట్టుకుని తలుపు తోసుకుని లోపలికెళ్ళాను. సిస్టర్ అడ్డమొచ్చింది. "మేడమ్," అని అరిచాను, "ఈయన టైలరు. బట్టలు వదులవ్వవు. ఎప్పటికప్పుడు బిగించుకుంటున్నాడు."

డాక్టరమ్మకి ముందు అర్థం కాలేదు, నాకు మతి పోయిందనుకుంది. చొక్కా తిరగేసి చూపించాను. నాలుగు కుట్ల మీదా వేలితో మెల్లిగా రాసింది. "నెలనెలా అడిగాం కదా," అంది. ఆ గొంతులో కోపం లేదు, అలసట ఉంది. ఆవిడ కూడా పొద్దుట్నుంచి నిలబడే ఉన్నట్టుంది. తరవాత బావ భుజం మీది ఎముక నొక్కి చూసింది, తొడ కండ రెండు వేళ్ళ మధ్య పట్టి చూసింది. పలక దగ్గరికెళ్ళి అరవై రెండుని అరచేత్తో తుడిచేసింది. కొత్త అంకె వెయ్యలేదు, ఖాళీగా వదిలేసింది.

"మిషను పెట్టండి. ఎక్కడిదాకా వెళ్ళాలో లాగుతూ చూద్దాం."

నాలుగు రోజులు వరసగా లాగారు. మూడో రోజున బావ పిక్కలు పట్టేసి కేక పెట్టాడు. నేను ఆ కేకకి ఏడ్చాను, సంతోషంతోనే. అప్పటికి యాభై నాలుగున్నర. ఏడున్నర కిలోల మనిషి మా కళ్ళముందే కరిగిపోతే, ఏడున్నర కిలోల నీళ్ళని బావా అని పిలుచుకుంటూ తిరిగాం.

అక్క ఆ నాలుగు రోజులూ షాపుకి వెళ్ళకుండా బయట బెంచీ మీదే ఉంది. ఐదో రోజు బావని మామూలు వార్డుకి మార్చాక, మంచం పక్కన స్టూలు మీద కూర్చుని మొదలెట్టింది.

"ఎందుకు చెప్పలేదు?"

బావ కిటికీ వైపు చూశాడు.

"మిమ్మల్నే. నీళ్ళు నమలకుండా చెప్పండి."

"తిండి సయించడం లేదే," అన్నాడు బావ. "నువ్వేమో షాపునుంచి వచ్చి, కాళ్ళు కూడా కడుక్కోకుండా గుడ్లు ఉడకబెట్టి తెల్లసొన పళ్ళెంలో పెట్టేదానివి. తినలేక సగం జేబులో వేసుకునేవాణ్ణి. నువ్వు మొహం చూసి బుగ్గలొచ్చాయన్నావు. పిన్నికి ఫోను చేసి చెప్పావు. మన ఇంట్లో ఎన్నేళ్ళకో ఒక మంచి వార్త. దాన్ని నేనెలా చెడగొట్టను?"

"అందుకని చచ్చిపోతారా?"

"చస్తానని నాకేం తెలుసు? కాటా బాగానే ఉందిగా. ఒళ్ళు తగ్గినా బరువు తగ్గలేదు కాబట్టి పరవాలేదనుకున్నా." నావైపు తిరిగాడు. "వీడు కప్పల సంగతి చెప్పిన రోజున నాకు అనుమానమొచ్చింది. చెబుదామనే అనుకున్నా. అప్పుడు కూడా నా చొక్కాయే కుడుతున్నా. వీడు ఎంత సంతోషంగా వచ్చాడో ఆ రోజు, రిపోర్టులో పేరు వేస్తారని. ఆ పూటకి వద్దులే అనుకున్నా. ఆ పూట దాటాక మరి నోరు రాలేదు."

అక్క లేచింది. కొడుతుందేమో అనుకున్నాను. ఆయన రెండు బుగ్గలూ రెండు చేతుల్లో పట్టుకుంది. నీళ్ళు దిగిపోయిన బుగ్గలు, లోతుగా పీక్కుపోయి ఉన్నాయి.

"ఇరవై రెండేళ్ళుగా నా బట్టలు మీరు కుట్టారు. నేను అరంగుళం పెరిగినా, అరంగుళం తగ్గినా మీకు నాకంటే ముందు తెలుస్తుంది," అంది. "మీ కొలత నాకు తెలియకుండా ఎందుకు చేశారండీ? ఇదేనా పైన పటారం లోన లొటారం అంటే? నా మొగుడు సన్నబడితే చూసి ఏడవడానికి కూడా నాకు హక్కు లేదా?"

బావ ఆవిడ చేతుల మీద తన చెయ్యి వేశాడు. "అయిపోయిందిలే," అన్నాడు చివరికి. ఏది అయిపోయిందో చెప్పలేదు.

ఇంటికొచ్చాక అక్క బీరువాలోంచి ఆయన చొక్కాలన్నీ తీసి మంచం మీద పోసింది. తొమ్మిది చొక్కాలు, ఆరు ప్యాంట్లు. కుట్లు విప్పే కొక్కెం తీసుకుని కూర్చుంది. ఆవిడ చేతికి అలవాటు లేదు, మొదటి చొక్కాకే గుడ్డ చిరిగింది. బావ కాసేపు చూశాడు. "ఇలా ఇవ్వు," అని కొక్కెం తీసుకున్నాడు. ఎవరి చేతా చొక్కాని పాడు చేయించడం ఆయనకి పడదు. ఆదివారం అంతా కూర్చుని, తన చేత్తో వేసిన కుట్లన్నీ తనే విప్పాడు. నాలుగోది, మూడోది, రెండోది. మధ్యలో రెండుసార్లు అలసిపోయి గోడకి ఆనుకున్నాడు. నేను దారం ముక్కలు ఏరాను.

మంగళవారం బావ విప్పిన చొక్కా వేసుకున్నాడు. భుజం కుట్టు మోచేతి వైపు జారింది. మెడ పట్టీలో రెండు వేళ్ళు కాదు, పిడికిలి పడుతుంది. నడుం దగ్గర గుడ్డ దండేనికి వేలాడినట్టు వేలాడింది. అద్దం ముందు నిలబడి చాలాసేపు చూసుకున్నాడు. అలవాటు కొద్దీ రెండు వేళ్ళతో పక్క గుడ్డ పట్టుకుని లోపలికి మడిచాడు, మళ్ళీ వదిలేశాడు.

"ఇలా బయటికొస్తే నా దగ్గర ఎవడైనా చొక్కా కుట్టించుకుంటాడా?" అన్నాడు.

"నేను కుట్టించుకుంటా," అన్నాను.

"నీ మొహం. నీకు బకెట్టుకి కన్నాలు పెట్టిచ్చినా తొడుక్కుంటావు."

సెంటర్లో అందరూ చూశారు. పక్క కుర్చీలో పెద్దాయన చూసి చూడనట్టు తల తిప్పుకున్నాడు. సిస్టర్ సూదులు పెట్టింది. పలక మీద యాభై నాలుగున్నర అని ఉంది, పక్కన బాణం గుర్తు, ఇంకా దిగచ్చని. మిషను మొదలయ్యాక డాక్టరమ్మ కొత్త నెల ఫారం నా చేతిలో పెట్టి వెళ్ళింది. ప్రశ్నలు పదిహేనయ్యాయి. పదిహేనోది చేత్తో రాసి జిరాక్స్ తీయించినట్టుంది: మీ బట్టలు ఎవరు కుడతారు?

ముందు అదే పైకి చదివాను. బావ నవ్వలేదు.

మొదటినుంచి అడుగుతూ ఎనిమిది దాకా వచ్చాను. తరవాత ఒక్క క్షణం ఆగాను. బావ కళ్ళు తెరిచే ఉన్నాయి.

"అడగరా," అన్నాడు.

"మీ బట్టలు ఈ మధ్య వదులయ్యాయా?"

ఆయన చొక్కా వైపు చూసుకున్నాడు. కుడిచెయ్యి భుజం కుట్టు దాకా వెళ్ళింది. ఎప్పట్లా సవరించుకోబోయి, సవరించుకోకుండా గుడ్డ మీదే చెయ్యి ఆనించి ఉంచాడు.

"అయ్యాయి," అన్నాడు. "రాయి. ఎంతో కూడా రాసుకో, వాళ్ళు అడక్కపోయినా. పక్కకి మూడంగుళాలు, రెండు పక్కలా."

'అవును' దగ్గర టిక్కు పెట్టి, ఆ పక్కన అంగుళాలు రాశాను.